కూర్పుల పట్టిక – పాఠపరిష్కర్త బాధ్యత

గ్రంథమునకు పాఠము ఎంత ముఖ్యమో, ఆ పాఠము ఏ త్రోవన వచ్చినదను వృత్తాంతము అంత ముఖ్యము. ప్రాచ్యకళాశాలలలో పాఠపరిష్కరణమును బోధించు అధ్యాపకులు ఈ మాటను ప్రతి సంవత్సరము విద్యార్థులకు చెప్పుచునే యున్నారు. ఆ విద్యార్థులే తాళపత్రప్రతిని కంప్యూటరులో ఎక్కించి, గురువు చూపిన చోటనెల్ల దిద్ది, తుదిప్రతిని మాత్రము నిలుపుకొని, తక్కినవానిని తుడిచివేయుచున్నారు. బోధన ఒక త్రోవన, ఆచరణ మరియొక త్రోవన నడచుచున్నవి. ఈ రెంటిని కలుపగల సాధనము ఒకటి ఇరువదియేండ్లకు పైగా తెలుగువారికి అందుబాటులో నున్నది. ఒక పత్రమును భద్రపరచిన ప్రతిసారి ఏర్పడిన కూర్పులనన్నిటిని కాలక్రమమున చూపు పట్టికయే ఆ సాధనము. తెలుగు వికీపీడియాలో ప్రతి పుటకు పైభాగమున "చరిత్ర" అను పేరుతో కనబడునది అదియే. దాని స్వరూపమును, ప్రయోజనమును, పరిమితిని విచారించి, గ్రంథపరిష్కరణమున దానిని విధిగా గ్రహింపవలయునని నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

విషయము

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. అందలి వ్యాసములను సామాన్యముగా ఎవరైనను దిద్దవచ్చును. దిద్ది భద్రపరచినపుడెల్ల ఒక క్రొత్త కూర్పు ఏర్పడును, పాతది చెరిగిపోదు. "చరిత్ర"ను తెరచినచో ఆ కూర్పులన్నియు క్రొత్తది మొదలుకొని పాతదాని వరకు వరుసగా కనబడును. ఒక్కొక్క వరుసలో తేదీ, వేళ, దిద్దినవారి పేరు, పుట పరిమాణము, అది పెరిగినదో తరిగినదో తెలుపు అంకె, దిద్దుటకు గల కారణమును చెప్పు చిన్న వాక్యము ఉండును. ఖాతా లేక దిద్దినవారికి పేరునకు బదులు ఒక సంకేతము కనబడును. ఏ రెండు కూర్పులనైనను ఎంచుకొన్నచో యంత్రము వానిని ప్రక్కప్రక్కన నిలిపి, భేదించిన భాగములకు రంగు వేసి చూపును. ప్రతి కూర్పునకు ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్యతో ఆ కూర్పునే నేరుగా తెరువవచ్చును. పుట తరువాత ఎన్ని మార్పులు పొందినను ఆ సంఖ్యకు చెందిన పాఠము మారదు.

దీని విలువ తెలియుటకు పాలమూరు, నల్లగొండ సీమలే చక్కని ఉదాహరణము. 2016 అక్టోబరు 11న తెలంగాణమున జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినది. 64 మండలములు గల మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినవి; షాద్‌నగర్, ఆమనగల్లు ప్రాంతములు రంగారెడ్డి జిల్లాలో చేరినవి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వేరు జిల్లా అయినది. 59 మండలములు గల నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడినవి. దీనితో ఈ సీమలలోని గ్రామములను గూర్చిన వ్యాసములలో జిల్లాల పేర్లను మార్చవలసి వచ్చినది. గోనవంశీయుల వర్ధమానపురమగు నంది వడ్డెమాను నాగర్‌కర్నూల్ జిల్లాలోనికి, రేచర్ల సింగభూపాలుని రాచకొండ యాదాద్రి భువనగిరి జిల్లాలోనికి వెళ్లినవి. ఒక పరిశోధకుడు 2015లో వడ్డెమానును గూర్చిన పుటను ఆధారముగా చూపి "మహబూబ్‌నగర్ జిల్లా" అని వ్రాసెననుకొందము. మరియొకడు 2018లో అదే పుటను చూపి "నాగర్‌కర్నూల్ జిల్లా" అని వ్రాసెననుకొందము. ఇద్దరును యథార్థమునే చెప్పిరి. ఏ కూర్పును చూచిరో తెలుపకున్నచో ఒకడు పొరబడినట్లు తోచును.

అలంపురము సంగతి మరింత విశదమైనది. 1956 వరకు అది రాయచూరు జిల్లాలోనిది. ఆ సంవత్సరము రాష్ట్రముల పునర్విభజనమున గద్వాలతో పాటు మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చినది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలోనిది అయినది. అరువదియేండ్లలో ఒకే క్షేత్రమునకు మూడు జిల్లాల పేర్లు వచ్చినవి. మూడును తమ తమ కాలములకు సత్యములు. 1940 ప్రాంతపు రచనలో "రాయచూరు జిల్లా అలంపురము" అని యున్నచో అది దోషము కాదు, ఆ రచనాకాలమునకు సాక్ష్యము. నేటి సంపాదకుడు దానిని "జోగులాంబ గద్వాల" అని దిద్దినచో, ఆ దిద్దుబాటు నేటి పటమునకు సరిపోవును గాని గ్రంథమునకు అపకారము చేయును. పాతకూర్పు నిలిచియున్నంత కాలము ఆ అపకారమును సవరింపవచ్చును. అది లేకున్న సవరించుటకు త్రోవ లేదు.

సంప్రదాయమున పాఠరక్షణము

పాఠరక్షణమునకు భారతీయసంప్రదాయమున రెండు మార్గములు కనబడుచున్నవి. మొదటిది మార్పునకు చోటీయని మార్గము. వేదము ఈ మార్గమున రక్షింపబడినది. సంహితను పదపాఠముగా విడదీసి, క్రమజటాఘనపాఠములుగా పదములను ముందునకు వెనుకకు కూర్చి పఠింతురు. ఒకచోట స్వరము గాని వర్ణము గాని తప్పినచో మరియొకచోట ఆ తప్పు బయటపడును. శాఖాభేదమున్నను ఒక్కొక్క శాఖకు పాఠము ఒక్కటియే. కావున ఘనపాఠికి పాతకూర్పుల పట్టికతో పనిలేదు.

రెండవది మార్పును అంగీకరించి, దాని జాడను నిలుపు మార్గము. కావ్యములు, శాస్త్రగ్రంథములు ఈ మార్గమున వచ్చినవి. లేఖకుడు వదలిపోయిన అక్షరమును పంక్తికి పైగాని అంచునగాని వ్రాసి, అది చేరవలసిన చోట హంసపాదమును ఉంచును. ఆ చిన్న గుర్తు దిద్దుబాటు జరిగినదని చదువరికి చెప్పును. పుస్తకమున చూచినట్లే వ్రాసితినని, దోషమున్నచో తనది కాదని లేఖకుడు తుదిని చెప్పుకొనుట ప్రసిద్ధమైన ఆచారము. ఆశ్వాసాంతగద్యము కర్త పేరును కాపాడును. ఆంధ్రమహాభాగవతమున పంచమస్కంధము గంగనదనియు, షష్ఠస్కంధము ఏర్చూరి సింగనదనియు, ఏకాదశద్వాదశస్కంధములు వెలిగందల నారయవనియు నేడు తడబాటు లేక చెప్పగలుగుటకు స్కంధాంతగద్యములే ఆధారము. ఆ గద్యములను "పునరుక్తులు" అని ఎవరైన తొలగించియుండినచో భాగవతమంతయు పోతన పేరనే చెల్లెడిది. పోతనకు అందువలన కీర్తి పెరుగదు; తక్కిన మువ్వురి కృషి మాత్రము మరుగున పడును.

జాడ నిలువనిచోట ఏమగునో చూపుటకు గోన బుద్ధారెడ్డి ద్విపదరామాయణము చాలును. తండ్రి విఠ్ఠలరాజు పేర తాను రచించితినని బుద్ధారెడ్డి అవతారికలో చెప్పుకొన్నాడు. లోకమున మాత్రము అది రంగనాథరామాయణమను పేరుతో నిలిచినది. ఆ పేరు ఏ కాలమున, ఏ ప్రతిలో, ఎవరిచేత చేరినదో తెలుపు ఒక్క వరుస లేనందున కర్తృత్వమును గూర్చి తరతరముల పండితులు వాదింపవలసి వచ్చినది. ఇట్టి వాదములలో వ్యయమైన పాండిత్యమును లెక్కించినచో ఒక తేదీ, ఒక పేరు, ఒక కారణవాక్యము ఎంత విలువగలవో తెలియును.

వ్యాఖ్యాతలలో కోలాచల మల్లినాథసూరి ఈ విషయమున ఆదర్శప్రాయుడు. మూలమున లేనిదానిని వ్రాయనని ప్రతిజ్ఞ చేసి, పాఠాంతరములను పేర్కొనుచు, మేఘసందేశమున కొన్ని శ్లోకములను ప్రక్షిప్తములని విడదీసి చూపెను. ప్రక్షిప్తములని తోచినవానిని అతడు చెప్పక తొలగింపలేదు. తొలగించియుండినచో తరువాతివారికి అతని నిర్ణయమును పరీక్షించు అవకాశమే యుండెడిది కాదు. ఆధునికకాలమున పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారతసంశోధితముద్రణము ఇదే న్యాయమును పాటించినది. పుటకు పైభాగమున గ్రహింపబడిన పాఠము, అడుగున త్యజింపబడిన పాఠములు ఉండును. అడుగుభాగము లేకున్నచో పైభాగము సంపాదకుల అభిప్రాయముగా మాత్రమే మిగులును. రాచకొండలో పుట్టిన రసార్ణవసుధాకరము 1916లో తిరువనంతపురమునను, 1979లో సంశోధితరూపమున అడయారునను వెలువడినది. ఆ రెండు ముద్రణములు గ్రంథాలయములలో నిలిచియున్నందుననే నేటి విద్యార్థి వానిని పోల్చి చూడగలుగుచున్నాడు.

పూర్వపక్షము

పాతకూర్పుల పట్టిక ప్రాచ్యవిద్యకు అవసరము కాదని పండితులలో కొందరి అభిప్రాయము. వారి వాదములు నాలుగు. మొదటిది: ఎవరు పడిన వారు దిద్దు పుటలకు సంబంధించిన సాధనము ప్రామాణికవిద్యకు తగదు. రెండవది: దోషములను భద్రపరచుట వ్యర్థము, పొట్టును దాచువాడు కృషీవలుడు కాడు. మూడవది: పట్టిక కాలక్రమమును మాత్రమే చూపును, కాలక్రమము ప్రామాణ్యమునకు హేతువు కాదు, ప్రాచీనమైన ప్రతి యంతయు మంచిది కాదు, నవీనమైనది యంతయు చెడ్డది కాదు. నాలుగవది: ఎవరు ఏ అక్షరమును దిద్దిరో పేరు పేరున బయటపెట్టుట గురుశిష్యమర్యాదకు భంగకరము; శిష్యుని వ్రాతను గురువు దిద్దుట విద్యాదానములో భాగము, దానికి లెక్క వ్రాయించుట అనుచితము.

ఈ నాలుగింటిలో మొదటి మూడు యుక్తిచే తేలిపోవునవి. నాలుగవది మాత్రము మనస్సునకు తగులునది. అందుచే దానిని తుదిని విచారింపవలెను.

సిద్ధాంతము

ఎవరైనను దిద్దవచ్చుననుట వలన పుట ప్రామాణ్యము తగ్గునను మాట నిజమే. కాని ఆ కారణముననే దానికి పట్టిక అవసరమైనది. తెలియనివాని చేతికి పత్రము ఇచ్చినప్పుడు తొలిరూపమును దాచుకొనుట వివేకము. ఆ దాచుకొనుట తెలిసినవాని విషయమున అనవసరమని ఎట్లు చెప్పగలము? అజ్ఞుడు చేసిన మార్పు చూడగనే పట్టుబడును. పండితుడు చేసిన మార్పు ఛందస్సునకు, వ్యాకరణమునకు, అర్థమునకు సరిపోవును. కావున అది కవి వ్రాసినదే యని అందరును నమ్ముదురు. పాఠమునకు అజ్ఞుని వలన కలుగు హాని కంటె పండితుని వలన కలుగు హాని పట్టుకొనుటకు కష్టమైనది.

దోషభద్రతను గూర్చిన రెండవ వాదమునకు ఒక కల్పితోదాహరణము చాలును. తాళపత్రమున "వదము" అని యున్నదనుకొందము. తెలుగు వ్రాతలో పకారవకారములకు, దకారధకారములకు గల పోలిక తెలిసినదే. శిష్యుడు దానిని "పదము" అని దిద్దెను. సందర్భమును బట్టి గురువు దానిని "పథము" అని మార్చెను. పదేండ్ల తరువాత మరియొక పండితుడు ఆ ఘట్టమున యుద్ధవర్ణన యున్నదని గమనించినచో "వధము" అను పాఠమును ఊహింపవలెను. తొలికూర్పులోని "వదము" కనబడినచో ఒక్క ఒత్తు చేర్చిన చాలును. తుదికూర్పులోని "పథము" ఒక్కటియే మిగిలినచో ఆ ఊహకు ఆధారమే దొరకదు. ఇచ్చట దోషమనుకొన్న "వదము" సత్పాఠమునకు ద్వారము. పొట్టును, గింజను తెలిసికొనుట ఒక్కనాటితో, ఒక్కనితో ముగియు పని కాదు.

ఇట్టి హాని ఊహలోనిది మాత్రము కాదు. ప్రాచీనగ్రంథములను కంప్యూటరులో ఎక్కించువారు శకటరేఫమును సాధురేఫముగా మార్చుట, అరసున్నను వదలుట నిత్యము జరుగుచున్నది. "కఱి" అనగా నలుపు, "కరి" అనగా ఏనుగు. "వాఁడి" తీక్ష్ణత, "వాడి" వాడిపోయి అను క్రియ. రేఫభేదము ప్రాసకు సంబంధించినది. అరసున్న పదనిష్పత్తికి సంబంధించినది. యూనికోడులో ఈ రెండక్షరములకును స్థానమున్నది గనుక యంత్రమును నిందింప వీలులేదు. డి.టి.పి. కొరకు ఏర్పడిన పాత ఫాంటుల నుండి యూనికోడులోనికి మార్చునపుడు కూడ అక్షరములు తారుమారగును. మార్పిడికి ముందటి ప్రతి, తరువాతి ప్రతి రెండును నిలిచియున్నచో ఈ తారుమారు ఎచ్చట జరిగినదో యంత్రమే చూపును.

కాలక్రమము ప్రామాణ్యహేతువు కాదను మూడవ వాదము యథార్థము. అది పట్టికకు దూషణము కానేరదు. సాక్షులను వరుసగా నిలుపుట పట్టిక పని; తీర్పు చెప్పుట పరిష్కర్త పని. ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రకటించిన ఆంధ్రమహాభారత సంశోధితముద్రణమున గాని, మరి ఏ సంశోధితముద్రణమున గాని పండితులు ప్రతుల సంఖ్యను బట్టి పాఠమును నిర్ణయింపలేదు. ప్రతులను ముందుంచుకొని అర్థౌచిత్యమును, ఛందస్సును, కవిశైలిని విచారించిరి. ముందుంచుకొనుటకు ప్రతులు లేకున్నచో విచారణకు తావెక్కడ?

ఇక గురుశిష్యమర్యాద. శిష్యుని వ్రాతను గురువు దిద్దుట పవిత్రమైన కార్యమే. అయితే ఆ దిద్దుబాటు శిష్యుని సిద్ధాంతవ్యాసములో పేరులేక కలిసిపోవుట వలన రెండు అన్యాయములు కలుగుచున్నవి. గురువు సూచించిన చక్కని పాఠము శిష్యుని ప్రతిభగా లెక్కకు వచ్చును. శిష్యుడు రాత్రులు మేలుకొని కనుగొన్న పాఠము ఒక్కొక్కప్పుడు పర్యవేక్షకుని పేర వ్యాససంపుటములలోనికి ఎక్కును. రెండవదానిని గూర్చి శిష్యుడు నోరెత్తలేడు. పట్టికలో తేదీ, పేరు ఉన్నచో అతడు నోరెత్తవలసిన పనియే లేదు. గురువునకు గల గౌరవము ఆయన దిద్దినది కనబడుట వలన తగ్గదు. మల్లినాథుడు తన నిర్ణయములను కనబడునట్లు వ్రాసినందుననే ఇన్ని శతాబ్దుల తరువాతను గౌరవింపబడుచున్నాడు. దిద్దుబాటును దాచుకొనుట వలన నిలుచు మర్యాద విద్యకు సంబంధించినది కాదు.

సాధనమునకు గల పరిమితులు

సాధనమును పొగడుటతో విచారణ ముగియరాదు. దానికి గల లోపములు తెలియకున్న అది క్రొత్త భ్రమలకు కారణమగును.

పట్టిక భద్రపరచిన రూపములనే చూపును. భద్రపరచుటకు ముందు మనస్సున నడచిన విచారమును, నోటిమాటగా నడచిన చర్చను చూపదు. కారణవాక్యమును వ్రాయుట దిద్దువాని ఇచ్ఛ గనుక పెక్కు వరుసలలో ఆ స్థానము శూన్యముగా నుండును. కారణములేని దిద్దుబాటు, హేతువులేని ప్రతిజ్ఞ వంటిది. కొన్ని వేళల రెండు కూర్పులకు భేదమున్నట్లు రంగు కనబడును గాని కంటికి ఏ భేదమును తోచదు. పొల్లు హల్లు తరువాతి హల్లుతో కలిసిపోకుండుటకు యంత్రము నడుమ నుంచు అదృశ్యచిహ్నము చేరుటయో, తొలగుటయో దానికి కారణము. ఇట్టిదానిని పాఠాంతరముగా లెక్కింపరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైన లోపము మరియొకటి కలదు. పత్రములోని పాఠమును ఎత్తి క్రొత్త పత్రములో వేసినచో పాఠము వచ్చును, చరిత్ర రాదు. ఈ-మెయిలుకు జతచేసి పంపిన ప్రతికి, ముద్రణాలయమునకు ఇచ్చిన ప్రతికి వెనుకటి కూర్పులు సామాన్యముగా వెంటరావు. పరిశోధకులు దినదినము చేయుచున్న పని ఇదియే. చరిత్ర అంతయు ఉన్నదను ధీమాతో వారు చరిత్రలేని ప్రతులను చేతులు మార్చుకొనుచున్నారు.

పట్టికను కాపాడువారు ఎవరను ప్రశ్నయు కలదు. గూగుల్ డాక్స్ వంటి వసతులలో స్థలము కొరకు వెనుకటి చిన్న కూర్పులను కొన్నివేళల కలిపివేయుదురు. వికీపీడియాలో ఒక పుటను తొలగించినచో దాని చరిత్ర సామాన్యపాఠకునకు కనబడదు. భోషాణములోని తాళపత్రమునకు చెదలు ఎట్లో, పరాధీనమైన యంత్రభాండాగారమునకు ఈ నియమములు అట్లు. ఈ విషయమున 2005లో పుట్టిన "గిట్" అను సాధనము కొంత మేలైనది. సాఫ్ట్‌వేర్ వ్రాయువారు తమ పనికై నిర్మించుకొన్న ఈ సాధనమున ప్రతి కూర్పునకు 40 అక్షరముల గుర్తు ఉండును. ఆ గుర్తు కూర్పులోని విషయమును, దానికి ముందటి కూర్పు గుర్తును కలిపి గణించినది. పాతకూర్పులో ఒక్క అక్షరమును మార్చినను దాని గుర్తు మారును. దానితో తరువాతి గుర్తులన్నియు మారును. ఒకచోట జరిగిన మార్పును మరియొకచోటు పట్టి యిచ్చుటలో ఇది జటాఘనపాఠముల న్యాయమునకు చేరువగా నున్నది. పైగా మొత్తము చరిత్ర వాడుకొనువాని యంత్రములోనే ప్రతిగా నుండును గనుక ఒకచోట నశించినను మరియొకచోట నిలుచును. తాళపత్రగ్రంథములు నేటికి మిగులుటకు గల కారణమును ఇదియే: ఒక ఇంట చెడినది మరియొక ఇంట మిగిలినది.

ప్రయోజనము

పై విచారమును బట్టి ప్రాచ్యకళాశాలలలోను, విశ్వవిద్యాలయశాఖలలోను గ్రంథపరిష్కరణము చేయువారు పాటింపదగిన నియమములు కొన్ని ఏర్పడుచున్నవి.

మాతృకను ఎక్కించునపుడు తొలికూర్పు యథామాతృకముగా నుండవలెను. స్పష్టమైన లేఖకదోషమును కూడ అందు దిద్దరాదు. శకటరేఫము, అరసున్న, లేఖకుని హంసపాదములు, చదువరాని చోట్లు ఉన్నవి ఉన్నట్లు గుర్తింపబడవలెను. ఆ కూర్పునకు పేరిడి, ప్రత్యేకముగా భద్రపరచి, తరువాతనే దిద్దుబాటునకు పూనుకొనవలెను.

దిద్దుబాటులను కలగలుపుగా చేయరాదు. లేఖనదోషముల సవరణ ఒక కూర్పుగా, ప్రత్యంతరమును బట్టి గ్రహించిన పాఠములు ఒక కూర్పుగా, ఊహాపాఠములు మరియొక కూర్పుగా ఉండవలెను. ప్రతి కూర్పునకు కారణవాక్యమును వ్రాయవలెను. "దిద్దితిని" అనుట కారణము కాదు. ఏ ప్రతిని బట్టి, ఏ యుక్తిని బట్టి దిద్దినదో చెప్పవలెను.

గురువు గురువు పేరుతోను, శిష్యుడు శిష్యుని పేరుతోను దిద్దవలెను. తెలుగు వికీసోర్స్‌లో పాతపుస్తకముల పుటల ఛాయాచిత్రమును ప్రక్కనుంచుకొని పాఠమును సరిచూతురు. అచ్చు దిద్దినవాడే ఆ పుటను తుదిగా ఆమోదింపరాదను నియమము అచ్చట కలదు. జీతము లేక పనిచేయువారు పాటించుచున్న ఈ నియమమును విద్యాసంస్థలు పాటింపలేకపోవుటకు హేతువు లేదు.

అంతర్జాలములోని పుటను ఆధారముగా చూపువారు పుట పేరుతో తృప్తిపడక కూర్పు సంఖ్యను, తేదీని ఈయవలెను. అలంపురమునకు మూడు జిల్లాలున్న సంగతి మరువరాదు.

సిద్ధాంతవ్యాసమును సమర్పించునపుడు కూర్పుల పట్టికను అనుబంధముగా చేర్చి, కూర్పులన్నిటిని కళాశాల గ్రంథాలయమునకు అప్పగింపవలెను. మౌఖికపరీక్షలో పరీక్షకులు ఆ పట్టికను తెరచి ప్రశ్నింపవలెను. ప్రశ్నించువారున్నప్పుడే నియమము నిలుచును.

ఈ నియమముల అవసరము దక్షిణతెలంగాణమున అధికము. విద్వద్గద్వాలయని పేరొందిన గద్వాలయు, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములును పండితకవులను పోషించినవి. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి, తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానము చెప్పెను. ఆనాటి ప్రశ్న కవులున్నారా యనునది. నేటి ప్రశ్న వేరు. ఆ కవుల వంశీయుల ఇండ్లలో మిగిలిన వ్రాతప్రతులను చరవాణులతో ఛాయాచిత్రములు తీసి, త్వరత్వరగా ఎక్కించి, చక్కదిద్ది అచ్చువేయుచున్న ఈ కాలమున, అచ్చైన పద్యము కవి వ్రాసినదా, దిద్దినవారు వ్రాసినదా యనునది నేటి ప్రశ్న. బూదపురమున 1276 నాటి శాసనమునకు ఎవరి మాటయు సాక్ష్యముగా అక్కరలేదు. రాయి ఒకే కూర్పుతో నిలిచియున్నది. తాటాకునకు ఆ బలము లేదు. ప్రతి యెక్కించిన పిదప ఇంటివారు దానిని కాపాడుదురను నమ్మకము లేదు. అట్టి స్థితిలో విద్యార్థి యంత్రములోని తొలికూర్పు ఒక్కటియే ఆ గ్రంథమునకు ఏకైకసాక్షి కావచ్చును. దానిని తుడిచివేయు అధికారము విద్యార్థికి గాని, అధ్యాపకునకు గాని లేదు. రాబోవు విద్యాసంవత్సరము నుండి పరిష్కరణాంశముపై నమోదగు ప్రతి పరిశోధనకును ఈ పట్టికను విధిగా చేయుటను గూర్చి ప్రాచ్యకళాశాలల పాఠ్యప్రణాళికాసమితులు ఆలోచింపవలసియున్నది.